రాయి దించే పద్ధతి

మా ఆయన గళ్ళ లంగా కట్టుకుని దుంగలు విసురుతాడని పుట్టింట్లో చెప్పుకోవడానికి మొదట్లో నాకు తలవంపులుగా ఉండేది. దాన్ని లంగా అనకూడదట, కిల్ట్ అనాలట. ఏమంటేనేం, మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళు పోసిన గళ్ళ గుడ్డని కాకినాడలో ఎవరికి చూపించినా లంగా అనే అంటారు. అది లేనిదే బరిలోకి రానివ్వరు, అది స్కాట్లండ్ వాళ్ళ కట్టుబాటు. దోహాలో ఒక దర్జీ దగ్గర కుట్టించుకున్నాడు. ఆ దర్జీ కొలతలు తీసుకుంటూ "మేడమ్‌కా?" అని నన్ను అడిగాడు. ఈయనకే అంటే మళ్ళీ నా మొహం వంక చూడలేదు.

మా ఆయన ఖతార్‌లో గ్యాస్ ప్లాంటులో పైపుల ఇంజనీరు. నేను ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుని. నడుములూ మోకాళ్ళూ నా జీవనాధారం. ఊళ్ళో అందరి నడుములూ సరిచేసే దానికి మొగుడే పెద్ద పేషెంటు కావడం నా జాతకం.

ప్లాంటులో తోటి ఇంజనీరు ఒక స్కాట్లండ్ ఆయన మా ఆయన భుజాలు చూసి తమ వాళ్ళ ఆటలకి తీసుకెళ్ళాడు. నిలువెత్తు దుంగని చేతుల్లో నిలబెట్టి, పరుగెత్తి, తలకిందులుగా తిరిగి పడేలా విసరాలి. గొలుసుకి కట్టిన గుండుని తలమీంచి తిప్పి విసరాలి. గడ్డి కుక్కిన గోనె మూటని పంగలకర్రతో ఎత్తయిన అడ్డకర్ర మీంచి అవతలికి ఎగరెయ్యాలి. ఆ చివరిదాంట్లో ఈయన్ని కొట్టినవాడు లేడు. వరిపనలు కుప్ప మీదికి అందించి పెరిగిన చేతులు మరి. కానీ ఈయన మనసు పారేసుకున్నది మాత్రం రాయి మోసే పోటీ మీద. మొదటిరోజు ఇంటికి వచ్చి, "ఇది మా సంగిడేనే! వీళ్ళకెలగ తెలిసిందో!" అని పిల్లాడిలా గంతులేశాడు.

సంగిడి అంటే ఏమిటో నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. మా ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె. అక్కడ అమ్మవారి సంబరాల్లో కుర్రాళ్ళు బరువైన రాళ్ళెత్తి పోటీ పడతారు. వాటినే సంగిడి రాళ్ళంటారు. మా ఆయనకి ఆ విద్య నేర్పింది మేనమామ. వరసకి నాకు పెదనాన్న. ఆయన కాలంలో చుట్టుపక్కల ఆయన ఎత్తిన రాయిని ఇంకొకడు కదిపింది లేదట. తరవాత పోటీలకి ఆయనే పెద్దమనిషి. తీర్పు చెప్పే పద్ధతి మాత్రం విడ్డూరం. రాయి ఎత్తుతున్నంతసేపూ కళ్ళు తెరుచుకుని చూస్తాడు. దించే వేళకి కళ్ళు మూసుకుంటాడు. నేలకి తగిలిన చప్పుడు చెవిన పడిందా, ఎత్తినదంతా గంగపాలు.

"ఎత్తడానికి దున్నపోతు చాలు. దించడానికి మనిషి కావాల," అనేవాడు. మా ఆయనకి ఆ మాట ఎముకల్లోకి ఇంకిపోయింది. ఇంట్లో బిందె దించినా, సూట్‌కేసు దించినా పిల్లి అడుగేసినట్టు దించుతాడు. మంచం మీద దిండు కూడా పడెయ్యడు, పెడతాడు.

ఆ పెదనాన్న నడుం వంగిపోయి చాలా ఏళ్ళయింది. నేలమీద ఏదో పారేసుకుని వెతుకుతున్న మనిషిలా నడుస్తాడు. అదేమంటే వాతం అంటారు ఇంట్లో అందరూ. కొత్తకోడలిగా వెళ్ళినప్పుడు, "పెదనాన్నగారూ, నేను చదివింది ఇదే, ఒకసారి చూస్తాను," అన్నాను. "ఆడకూతురు నా నడుం చూడ్డమేటి! అమ్మీ, ఎల్లి కాఫీ పెట్టు," అని కసిరాడు. నేనూ తక్కువ తినలేదు, ఆ కాఫీలో పంచదార వెయ్యలేదు.

రెండేళ్ళ కిందట మా ఆయనకి డిస్క్ జారింది. పక్క ఫ్లాటు వాళ్ళ ఫ్రిజ్ మెట్ల మీద మోసి, గుమ్మంలో చప్పుడు కాకుండా దించుతూ ఉండగా జారింది. ఎత్తినప్పుడు కాదు, మొయ్యడంలో కాదు, దించినప్పుడే. ఎడమ పాదం చచ్చుబడింది. బొటనవేలు పైకి లేచేది కాదు. నడుస్తుంటే చెప్పు జారిపోయేది, ముందుపాదం నేలని రాసుకుంటూ వచ్చేది. నెలల తరబడి వ్యాయామం చేయించి నేనే దాన్ని లేపాను. ఆ వేలు మొదటిసారి పైకి లేచిన రోజు నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. సర్జన్ మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు: "ఈసారికి కత్తి లేకుండా గట్టెక్కారు. ఇంకోసారి జారితే పాదం తిరిగి వస్తుందని నేను మాటివ్వలేను."

అంత జరిగాక మనిషన్నవాడు ఏం చేస్తాడు? మా ఆయన మళ్ళీ దోహా శివారున ఉమ్ సలాల్‌లో ఆ స్కాట్లండ్ వాళ్ళు ఆడే తోటకి సాధనకి వెళ్ళాడు. నేను అరిచాను, అలిగాను, రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి నేను చెప్పిన వ్యాయామం, నేను చెప్పిన బరువు, నేను చెప్పిన బెల్టు అనే ఒప్పందం మీద వదిలిపెట్టాను. ఆ ఒప్పందంలో రాయి దించడం గురించి రాసుకోవాలని ఇద్దరికీ తట్టలేదు.

పోటీలు చలికాలంలో ఒక శుక్రవారం, నమాజు అయ్యాక మొదలయ్యాయి. నీళ్ళు పెట్టి పెంచిన పచ్చిక మైదానం, చుట్టూ తెల్ల గుడారాలు. బ్యాగ్‌పైపుల మోత ఒక పక్క, కరక్ చాయ్ వాసన ఒక పక్క. దుబాయ్ నుంచీ బహ్రెయిన్ నుంచీ కూడా బలశాలులు వచ్చారు. గల్ఫ్ మొత్తానికి ఒకడే విజేత. వైద్యపు గుడారంలో నేనూ, నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక నర్సు అమ్మాయీ ఉన్నాం. నాతో క్లినిక్‌లోనే పని చేస్తుంది, నన్ను అక్కా అంటుంది. ఎవరినైనా ఆడకూడదని మేము ఆపితే అదే ఆఖరి మాట అని తెల్లగడ్డం జడ్జి మొదట్లోనే అందరి ముందూ చెప్పాడు. మా ఆయన వంక చూసి, "నువ్వు మీ ఆవిడతో మర్యాదగా ఉండు," అని కూడా అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ నవ్వు దుంగ పోటీ దాకా ఉంది.

దుంగని ఇద్దరు నిలబెట్టి ఇస్తారు. ఆటగాడు వంగి దాని అడుగున రెండు అరచేతులూ పెట్టి పైకి లేపి, భుజానికి ఆనించుకుని పరుగెత్తాలి. అది తూలిందంటే వదిలేసి పక్కకి దూకెయ్యడమే. అంత లావు మనుషులూ కోడిపిల్లల్లా దూకేస్తారు, అందులో సిగ్గేమీ లేదు. మా ఆయన మొదటి రెండు విసుర్లూ చక్కగా పడ్డాయి. మూడోసారి దుంగ లేవగానే కుడివైపు తూలింది. జడ్జి "వదిలెయ్!" అని అరిచాడు. ఈయన వదల్లేదు. ఆ దుంగతో పాటే పక్కకి నడిచి, దాన్ని ఛాతీకి ఆనించుకుని, నడుం వంచి, మెల్లగా నేలమీద పడుకోబెట్టాడు. పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు. గుంపంతా ఈలలు వేసింది. స్కాట్లండ్ వాళ్ళు చప్పట్లు కొట్టారు, పెద్దమనిషంటే ఇతనే అన్నారు. మన తెలుగువాళ్ళు కూడా విజిళ్ళు.

నా చేతిలో చాయ్ కప్పు నలిగిపోయింది.

ఈయన లేచి తిరిగి వస్తున్నాడు. మొహం మామూలుగానే ఉంది. కానీ నర్సమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, బావ ఎడమకాలు జర చూడు. సక్కగ ఏస్తలేడు."

నేను అప్పటికే చూశాను. ఈడవడం లేదు గానీ, జాగ్రత్తగా పెడుతున్నాడు. నొప్పి దాచుకునే వాడి నడక నాకు కొత్త కాదు, రోజూ నాలుగు డబ్బులు సంపాదించేది దాన్ని చూసే.

అప్పటికి లెక్క చూస్తే మా ఆయనా, బ్రిటిష్ స్కూల్లో ఆటల మాస్టారు ఒకాయనా సరిసమానంగా ఉన్నారు. మాస్టారు ఎర్రటి మొహంతో తలుపు పట్టనంత మనిషి, అయినా నన్ను చూస్తే చేతులు కట్టుకుని పలకరించేవాడు. మిగిలింది రాయి మోసే పోటీ ఒక్కటే. గుండ్రటి బండరాయి, కౌగిలించుకుని నడవాలి. ఎవరు ఎక్కువ దూరం మోస్తే వాళ్ళదే గెలుపు.

నేను ఈయన్ని గుడారంలోకి రమ్మన్నాను.

"ఏటీ కాలేదే," అన్నాడు నేను అడక్కముందే.

"బూట్లు విప్పండి."

"జనం చూత్తన్నారు."

"లంగా కట్టుకున్నప్పుడు లేని సిగ్గు బూట్లు విప్పితే వచ్చిందా? విప్పండి."

మడమల మీద నడిపించాను. నడిచాడు. బల్ల మీద పడుకోబెట్టి కాలు తిన్నగా పైకెత్తాను. నడుంలో పట్టింది, కాల్లోకి దిగలేదు. రెండు బొటనవేళ్ళ మీదా నా వేళ్ళు పెట్టి, పైకి నెట్టమన్నాను. కుడిది నెట్టింది. ఎడమది కూడా నెట్టింది. మళ్ళీ నెట్టమన్నాను, మళ్ళీ అదే బలం. అంటే నరం ఇంకా బాగానే ఉంది. నడుం హెచ్చరించింది, అంతే.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఆపేస్తే ఎవరూ తప్పనరు. ఆపెయ్యాలనే నాకూ ఉంది. కానీ ఇదే నడుం ఆ మాస్టారిదైతే ఏమనేదాన్ని? ఆ పోటీలో రాయిని నేలమీంచి ఎత్తే పని లేదు. నడుమెత్తు పీపా మీద పెట్టి ఉంటుంది, కౌగిలించుకుని వెనక్కి లాగడమే. నిటారుగా నడిచినంతసేపూ ఆ డిస్క్‌కి పెద్ద గండం లేదు. గండమంతా ఆఖర్న, వంగి దించడంలో. మాస్టారైతే "దించొద్దు, పడేసెయ్," అని పంపేదాన్ని. మిగతా వాళ్ళకి అది చెప్పక్కర్లేదు కూడా, వాళ్ళెప్పుడూ పడేసేదే.

"ఆడండి," అన్నాను. "ఒకే షరతు. రాయి దించకూడదు. పడెయ్యాలి."

ఆయన బల్ల మీద లేచి కూర్చున్నాడు. బూట్లు దగ్గరికి లాక్కున్నాడు.

"మావ చూత్తాడే. వీడియో కాల్ చెయ్యమన్నాడు, ఆఖరి పోటీకి."

"చూడనివ్వండి."

"మావ ముందు రాయి పడేసిన మొగోడు మా ఊళ్ళో ఒక్కడూ నేడు."

"మీ మావ ముందు కాలీడ్చుకుంటూ నడిచేవాడు కావాలా? ఆ వేలు లేపడానికి నేను పడ్డ పాట్లు మీకు గుర్తున్నాయో లేదో గానీ నాకున్నాయి. పడేస్తారా, పడెయ్యరా? పడెయ్యనంటే ఇప్పుడే వెళ్ళి జడ్జితో చెబుతాను."

"సరే," అన్నాడు.

ఆ సరే నాకు తెలుసు. ఉప్పు తగ్గించండి అంటే వచ్చే సరే అది. అయినా జడ్జి గుడారంలోకి తల పెట్టి "ఆడొచ్చా?" అని అడిగినప్పుడు తలూపాను.

పెదనాన్నకి ఫోన్ కలిపాను. అక్కడ చీకటి పడింది. మనవడు ఫోన్ ఎదురుగా పట్టుకుంటే, అరుగు మీద కుర్చీలో, దిండుకి ఆనుకుని ఉన్నాడు. కూర్చున్నా కూడా మొహం నేలవైపే ఉంటుంది, తలెత్తి తెర చూడడానికి కష్టపడుతున్నాడు.

"అమ్మీ, ఆ దుబాయ్‌లో మన సంగిడేటే? ఆడికేటి, కాలుజేతులు బాగున్నాయి కదా?"

"ఖతార్ పెదనాన్నగారూ. బాగున్నాయి," అన్నాను. ఇరవైసార్లు చెప్పినా ఆయనకిది దుబాయే.

మాస్టారు ముందు వెళ్ళాడు. రాయిని గుండెకి అదుముకుని గబగబా నడిచాడు. మొహం ఎరుపు దాటి ఊదారంగుకి వచ్చింది. మైదానం మధ్యలో గీసిన సున్నపు గీత దాటి ఇంకాస్త వెళ్ళి, ఒక్కసారి చేతులు తెరిచేశాడు. నేల అదిరింది. అక్కడ ఎర్రజెండా పాతారు. ఫోన్‌లో పెదనాన్న మూలిగాడు. "పడేసీనాడు. సీ."

రాయిని బండిమీద వెనక్కి తెచ్చి పీపా మీద పెట్టారు. మా ఆయన బూట్లు విప్పేసి వట్టికాళ్ళతో నిలబడ్డాడు. రాయిని తాకి కళ్ళకద్దుకున్నాడు. రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చి, రొమ్ముకి లాక్కుని, వెనక్కి వాలి, నడిచాడు.

నేను తాడు ఇవతల ఆయనతో పాటే నడిచాను. రాయిని చూడలేదు, మొహాన్ని చూడలేదు. ఎడమ పాదాన్నే చూశాను. పచ్చికలో ఆ వేళ్ళు పైకి లేచి పడుతున్నాయా లేదా అని చూశాను. లేస్తున్నాయి. సున్నపు గీత వచ్చింది. లేస్తున్నాయి. మన వాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. నర్సమ్మాయి నా వెనక "యా అల్లా, యా అల్లా" అంటూ వస్తోంది. జెండాకి నాలుగైదు అడుగుల ఇవతల ఆయన ఆగాడు. ఊపిరి ఒక ఈలలాగా వచ్చింది. మళ్ళీ అడుగేశాడు. ఆ అడుగులో వేలు లేచిందో లేదో నేను చూడలేకపోయాను, కళ్ళకి నీళ్ళు అడ్డం వచ్చాయి.

జెండా దాటాడు. జడ్జి చెయ్యి పైకెత్తాడు. గెలిచాడు.

ఇప్పుడు పడెయ్యాలి. చేతులు తెరిస్తే చాలు.

తెరవలేదు. రాయిని పొదివి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నా చేతిలో ఫోన్ వైపు చూశాడు. నేనూ చూశాను. పెదనాన్న కళ్ళు మూసుకున్నాడు. వినడానికి సిద్ధంగా ఉన్నాడు. మా ఆయన మోకాళ్ళు మెల్లగా మడత పడడం మొదలైంది. నడుం ముందుకి వస్తోంది. జనానికి అదేమీ తెలియదు, కేరింతలు కొడుతూనే ఉన్నారు. ఆ మైదానంలో జరగబోయేది తెలిసింది నాకూ నర్సమ్మాయికీ మాత్రమే.

పెళ్ళయినప్పటి నుంచీ ఆయన్ని "మీరు" అనే అన్నాను. తిట్టినా మీరనే తిట్టాను. అప్పుడు మాత్రం నా నోట్లోంచి వచ్చింది వేరు.

"పడెయ్‌రా! నీ కాలు నాకు కావాలి, పడెయ్!"

తాడు ఎప్పుడు దాటానో తెలియదు. ఆయన నా మొహం చూశాడు. సగం వంగిన నడుం అక్కడే ఆగింది. చేతులు తెరుచుకున్నాయి.

రాయి పడింది. ఆ చప్పుడు నా అరికాళ్ళలోకి వచ్చింది.

బ్యాగ్‌పైపులు మొదలయ్యాయి. మాస్టారు పరుగున వచ్చి ఈయన్ని ఎత్తబోతే నేను గయ్యిమన్నాను. ఆయన నవ్వుతూ చేతులు పైకెత్తి వెనక్కి జరిగాడు. మా ఆయన చేతులు పైకెత్తలేదు, నవ్వలేదు. రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దానికంటిన మట్టి అరచేత్తో తుడిచాడు. మళ్ళీ తాకి కళ్ళకద్దుకున్నాడు. జనం దణ్ణం పెట్టుకుంటున్నాడనుకున్నారు. క్షమించమంటున్నాడని నాకు తెలుసు. ఆ ఎడమ బొటనవేలు పచ్చికలో ముడుచుకుని, మళ్ళీ పైకి లేవడం కూడా చూశాను.

తరవాత ఆయన లేచి వచ్చి నా చేతిలో ఫోన్ తీసుకున్నాడు. తెరమీద పెదనాన్న ఇంకా కళ్ళు తెరవలేదు.

"సప్పుడు ఇన్నాను," అన్నాడు.

"పడేసినాను మావా."

"నెగ్గినావా?"

"నెగ్గినాను."

"నడుం?"

"బాగుంది మావా. కాలూ బాగుంది."

అవతల అరుగు మీద కుర్చీ కిర్రుమంది. పెదనాన్న కళ్ళు తెరిచి, మెడ నిక్కించి, మొహం పైకెత్తడానికి చూశాడు. సగం దాకానే లేచింది.

"నాకెవులూ సెప్పనేదురా," అన్నాడు. "పడెయ్యమని."

మా ఆయన ఫోన్ నా వైపు తిప్పాడు. పెదనాన్న నన్ను వెతుక్కుంటున్నట్టు తెరలోకి వంగాడు.

"అమ్మీ, నా నడుం చూత్తానన్నావు కదా అప్పుడెప్పుడో. ఇప్పుడు చూత్తావేటి?"

"చూస్తాను పెదనాన్నగారూ," అన్నాను. "కుర్చీలోంచి లేవకండి, మనవణ్ణి ఫోన్ కాస్త వెనక్కి పట్టుకోమనండి."